బంగారం తవ్వనివ్వని ఆట

సెలవులకి మా బావమరిది వచ్చి నాలుగు రోజులు మా ఇంట్లో ఉండి వెళ్లాడు. ఇంటర్ రెండో సంవత్సరం. ఒక రాత్రి నేను రిమ్‌వరల్డ్ (ఎక్కడో గ్రహం మీద కూలిన కొందరితో కాలనీ కట్టి కాపాడుకునే కంప్యూటర్ ఆట) ఆడుతుంటే కుర్చీ వెనక నిలబడి చూస్తున్నాడు. వాడు ఆడేవన్నీ ఫోన్లో కాల్చుకునే గేములు, ఇలాంటిది చూడటం అదే మొదటిసారి. సరిగ్గా అప్పుడే మా వరి చేను పక్కన ఉల్క పడింది. నొక్కి చూస్తే బంగారం. నేను మౌస్ పక్కకి జరిపి మళ్లీ కోతల పని చూసుకుంటున్నాను.

"బావా, అది బంగారం! తవ్వించవేంటి?"

"తవ్వితే దొంగలొస్తార్రా."

"తవ్వినట్టు వాళ్లకెలా తెలుస్తుంది?"

"తెలుస్తుంది. మన ఆస్తి ఎంతో లెక్కేసుకునే వస్తారు. తవ్వనంతసేపు అది ఉత్త రాయి, ఆస్తిలో కలవదు."

వాడు కాసేపు స్క్రీన్ వంక చూసి, "అయితే ఈ ఆటలో బాగుపడటం ఎందుకు మరి?" అని, ఫోన్ తీసుకుని పడుకోడానికి వెళ్లిపోయాడు.

2018లో ఆట పూర్తి వెర్షన్ 1.0 వచ్చిన దగ్గర్నుంచి ఆడుతున్నాను. ఎన్ని వందల గంటలో చెబితే ఇంట్లో గొడవైపోతుంది. అన్ని గంటలు ఆడినవాడికి ఆ కుర్రాడి ప్రశ్నకి జవాబు తట్టలేదు. అప్పట్నుంచి బుర్రలో తిరుగుతున్నది ఇక్కడ రాసేస్తున్నాను.

కోపం తెప్పించనివి

రిమ్‌వరల్డ్ మీద ఏడుపులకి లోటు లేదు. ఆడేవాళ్లని ఇద్దర్ని ఒకచోట కూర్చోబెడితే గంట సేపు ఏడుస్తారు. రెండు రోజులు తిండి లేక మాడి, దొంగల్ని తరిమికొట్టి, చివరికి నాలుగు మెతుకులు దొరికితే, "టేబుల్ లేకుండా తిన్నాను" అని మూడ్‌లో 3 పాయింట్లు తగ్గించుకునే మనిషిని ఏమనాలి? గ్రహం మీద కూలిన ముగ్గురిలో ఒకడు పూర్వాశ్రమంలో ఏదో పెద్దింటి బిడ్డ, మూటలు మోయడు, చీపురు పట్టడు. బ్యాటరీల నిండా కరెంటు దాచుకున్న రోజే షార్ట్ సర్క్యూట్ అయి అంతా అంటుకుంటుంది. ఒక్క పిచ్చెక్కిన ఉడుత నా వంటవాడి వేలు కొరికేసి పోయింది.

ఇవేవీ నాకు కోపం తెప్పించవు. కావాలంటే సుబ్బులు సంగతి చెబుతాను. సుబ్బులు మా కాలనీ డాక్టరు. ఆట ఇచ్చే పేర్లు నాకు నోరు తిరగవు, అందుకని అందరికీ మా ఊరి పేర్లు పెట్టుకుంటాను. ఒక రెయిడ్‌లో, అంటే దొంగల దాడిలో, బుజ్జికి కడుపులో బుల్లెట్ దిగింది. సుబ్బులు కట్టు కడుతోంది. బయట ఆమె పెంపుడు కుక్క అదే రెయిడ్‌లో చచ్చిపోయింది. అసలే అంతంత మాత్రంగా ఉన్న మూడ్ గీత కిందికి పడిపోయింది. కట్టు కడుతున్నదల్లా సగంలో లేచి, తలుపు తీసుకుని, వర్షంలోకి వెళ్లి దిగులుగా అటూ ఇటూ తిరగడం మొదలుపెట్టింది. నేను ఎంత నొక్కినా మాట వినదు. లోపల బుజ్జి రక్తం కారీ కారీ పోయాడు. సుబ్బులు మర్నాటికి తేరుకుని వచ్చి, శవాన్ని చూసి, మళ్లీ బయటికి వెళ్లిపోయింది.

మర్నాడు ఆఫీసు మీటింగులో కూడా నాకదే గుర్తొస్తూ ఉంది. ఓడిపోయాను గానీ ఆ ఓటమిలో ఒక కథ ఉంది. తప్పెవరిదో కూడా తెలుసు: కుక్కని లోపల కట్టేయనిది నేనే. టైనాన్ సిల్వెస్టర్ ఈ ఆటని కథలు పుట్టించే యంత్రంగా తయారుచేశానంటాడు. ఆ మాట నిజమే. నా గొడవ ఆ కథలతో కాదు.

పాలరాతి భోజనశాల

నా మొదటి మంచి కాలనీ మూడేళ్లు నిలిచింది. ఆటలో ఏడాదికి 60 రోజులే, అయినా మూడేళ్లంటే మాటలు కాదు. తొమ్మిది మంది. వరి, మొక్కజొన్న దిట్టంగా పండుతున్నాయి. ఇక్కడో మాట చెప్పాలి, ఈ ఆటలో వరికి చుక్క నీరు అక్కర్లేదు, మామూలు నేలలో ఆరు రోజులు తిరక్కుండా కోతకొస్తుంది. మా నాన్న చూసి "ఇదేం విత్తనంరా" అని అడిగారు.

తిండికి ఢోకా లేదు కదా అని భోజనాల గది కట్టడం మొదలుపెట్టాను. గోడలు, నేల అంతా పాలరాయి. మధ్యలో పొడుగాటి టేబుల్, పన్నెండు కుర్చీలు. మూలన పెద్ద శిల్పం, అది చెక్కిన పిల్ల పేరు దానికిందే కనబడుతుంది. మొదటిరోజు అందరూ కూర్చుని తింటుంటే ఆట ఆపేసి, దగ్గరికి జూమ్ చేసి అలా చూస్తూ ఉండిపోయాను.

తర్వాతి వారంలో రెయిడ్. అంతకుముందు ఏడెనిమిది మంది వచ్చేవాళ్లు, ఈసారి ఇరవై దాటి. పైగా నడిచి రాలేదు, ఆకాశం నుంచి పడే పాడ్లలో సరిగ్గా ఆ గది పైకప్పు పగలగొట్టుకుని దిగారు. టేబుల్ మీదే కాల్పులు. ఇద్దరు మిగిలారు. వాళ్లలో ఒకడు శవాలు మోయనన్నాడు.

ఎందుకిలా అయిందని తోటి ఆటగాళ్లని అడిగితే చెప్పారు. కాలనీ ఆస్తిని బట్టి, మనుషుల సంఖ్యని బట్టి ఆట రెయిడ్ సైజు నిర్ణయిస్తుందట. సామాన్లు పూర్తి విలువకి, కట్టడాలు సగం విలువకి, మన మనుషులు కూడా వాళ్ల విలువకి లెక్కలోకొస్తారు. హిస్టరీ ట్యాబ్‌లో ఆ ఆస్తి గ్రాఫ్ అంతకాలం నా కళ్ల ముందే ఉంది. అది చూసి మురిసిపోయేవాణ్ణి తప్ప దొంగలు కూడా అదే చూస్తున్నారని తెలియదు.

ఆ రోజు నుంచి నేను ఆడే ఆట మారిపోయింది. చచ్చిన దొంగల బట్టలు ఒలిచి వెంటనే కాల్చేయడం. మిగులు తుపాకులు కరిగించేయడం. ధాన్యం ఒక సీజన్‌కి సరిపడా కంటే ఎక్కువ పండితే చేను తగ్గించేయడం. నేలకి చెక్క చాలు, పాలరాయి ఎందుకు? వెండి (ఆటలో డబ్బు అదే) చేతిలో నిలవనివ్వకుండా పక్క వర్గాలకి కానుకలుగా పంపేయడం. పొద్దున లేవగానే షేర్లు కొన్నవాళ్లు ఫోన్ చూసుకున్నట్టు నేను ఆ గ్రాఫ్ చూసుకునేవాణ్ణి. కాకపోతే వాళ్లకి పెరిగితే సంతోషం, నాకు పెరిగితే గుండె దడ.

నాయనమ్మ గాదె

ఈ పద్ధతి నాకు ఎక్కడో బాగా తెలిసినట్టే అనిపించేది. తర్వాత వెలిగింది, మా నాయనమ్మది.

మా ఊళ్లో కోతలయ్యాక ఎవరైనా "ఎకరానికి ఎన్ని బస్తాలు దిగినయ్?" అని అడిగితే నిజం చెప్పిన రైతుని నేను చూడలేదు. ముప్పై అయిదు దిగినా "ఏదో ఇరవై అయిదు, ఆ పైన ఒకటో రెండో" అనే. నాయనమ్మ కాసులపేరు వడ్ల గాదెలో ఉండేది, బీరువాలో కాదు. ఇల్లు కట్టుకుంటే ముందు దిష్టిబొమ్మ, గృహప్రవేశం రోజు గుమ్మానికి బూడిద గుమ్మడికాయ. బిడ్డ ముద్దుగా ఉంటే బుగ్గన చుక్క. బాగుంటే ఆ బాగు కంట పడుతుంది, కంట పడితే కీడు. రిమ్‌వరల్డ్ చేసిందల్లా ఆ నమ్మకాన్ని కోడ్‌గా రాయడం, అంతే.

చాలాకాలం ఈ పోలిక చూసి ముచ్చటపడ్డాను. కెనడావాడు తయారుచేసిన ఆటలో మా నాయనమ్మ దొరికింది కదా అని. కానీ పోలిక ఒకచోట తెగుతుంది. నాయనమ్మ కాసులపేరు దాచింది వేసుకోడానికే. పెళ్లిళ్లకి గాదెలోంచి బయటికొచ్చేది, వడ్ల దుమ్ము దులిపి, కుంకుడుకాయ రసంలో కడిగి, మెడలో వేసుకుని పెళ్లి పందిట్లో మొదటి వరసలో కూర్చునేది. ఎవరు చూస్తారోనన్న భయం ఆ పూటకి ఉండేది కాదు. ఇంటికొచ్చాక ఎటూ ఉప్పుతో దిష్టి తీస్తారు. రిమ్‌వరల్డ్‌లో కూడా పెళ్లిళ్లు అవుతాయి, అందరూ చేరి సంబరం చేసుకుంటారు. కానీ దాచింది తీసి వేసుకునే రోజు మాత్రం నా ఆటలో రాలేదు. నేను రానివ్వలేదు.

రంగడి కాలు

అసలు సిగ్గుపడ్డది రంగడి విషయంలో.

రంగడు మా వేటగాడు. ఒక రెయిడ్‌లో ఎడమ కాలు పోయింది. చెక్క కాలు పెట్టించాను, అది అసలు కాలులో 60 శాతం పనిచేస్తుంది. వేట మానిపించి వంటింట్లో వేశాను. కుంటుకుంటూ ఫ్రీజర్‌కీ పొయ్యికీ మధ్య తిరిగేవాడు. ఎండాకాలం మధ్యలో ఖరీదైన సరుకులు అమ్మే బిడారు వచ్చింది. జాబితా తెరిస్తే పైనుంచి మూడో వస్తువు బయోనిక్ కాలు. అది పెడితే మామూలు కాలు కంటే కూడా బాగా నడుస్తాడు.

నా దగ్గర వెండి లేదు. రెండు రోజుల క్రితమే, గ్రాఫ్ పెరుగుతోందని, ఉన్నదంతా కానుక కింద ఊడ్చి ఇచ్చేశాను. అమ్ముదామంటే మిగులు ఏమీ లేదు, అన్నీ వదిలించుకున్నాను కదా. బిడారు వాళ్లు ఒక రోజు ఉండి వెళ్లిపోయారు. వాళ్లు మ్యాప్ అంచు దాటుతుంటే రంగడు బియ్యం బస్తా ఎత్తుకుని వాళ్ల పక్కనుంచే వంటింటికి నడుస్తున్నాడు. ఆటకి అదేమీ తెలియదు, కాకతాళీయం. నాకు మాత్రం అన్నం సయించలేదు.

ఏ దొంగా రంగడి కాలు ఎత్తుకుపోలేదు. వాడికి కాలు లేకుండా చేసింది దొంగలొస్తారేమోనన్న నా జాగ్రత్త.

కాగితం మీద లెక్క

ఆ రాత్రి సేవ్ చేసి మూసేసి, ఒకసారి రెయిడ్ సైజు లెక్కగట్టే సూత్రం తీసి కాగితం మీద వేసుకున్నాను. ఆ పని ముందే చేయాల్సింది.

మొత్తం ఆస్తి 14,000 దాటేదాకా ఆస్తి తరఫున రెయిడ్ పాయింట్లు (ఎంత దండుని పంపాలో ఆట వేసుకునే లెక్క) సున్నా. అక్కడ మొదలై 4 లక్షల దగ్గర 2,400 పాయింట్లు. ఆ పైన పెరుగుదల నెమ్మదిస్తుంది, 10 లక్షలకి 4,200. మనుషుల తలకింత అని వేరే కలుస్తాయి, తర్వాత మనం ఎంచుకున్న కష్టం స్థాయిని బట్టి హెచ్చిస్తారు. ఇప్పుడు వెయ్యి విలువ చేసే శిల్పాన్ని నిలబెట్టామనుకోండి. కట్టడం కాబట్టి సగం, అంటే 500. దానికి వచ్చేది సుమారు 3 పాయింట్లు. ఒక్క మామూలు దొంగ రావాలంటే పదుల్లో పాయింట్లు కావాలి.

నా పాలరాతి గది మొత్తం కలిపినా అటూ ఇటూగా ఒక దొంగ ఖరీదు. ఆ రోజు ఇరవై మంది వచ్చింది గది కోసం కాదు. అప్పటికే నాకు తొమ్మిది మంది మనుషులున్నారు, కొట్టు నిండా సరుకుంది, కాలం గడిచింది, రెయిడ్ పెద్దది అయ్యే వేళ అయింది. గది కట్టిన వారంలో రావడం కాకతాళీయం. ఏళ్ల తరబడి ఒక నిర్దోషిని తిట్టుకున్నాను.

అయితే తప్పంతా నాదేనా? సివిలైజేషన్ 4 అనే ఆట డిజైనర్ సోరెన్ జాన్సన్ అన్నమాట ఒకటుంది, అవకాశం ఇస్తే ఆటగాళ్లు ఆటలోని సరదాని కూడా లెక్కలేసి పీకేస్తారని. నా వీపు మీద చరిచినట్టే ఉంటుంది ఆ మాట. నిజంగా ఆరితేరినవాళ్లు నా పిసినారితనం చూసి నవ్వుతారు. వాళ్లు ఆస్తి దాచుకోరు, ఆయుధాల్లో పెడతారు. ఆయుధం మీద పెట్టిన ప్రతి రూపాయీ తెచ్చే దొంగల కంటే ఆపే దొంగలే ఎక్కువ.

ఒప్పుకుంటాను. అయినా నాలో ఏదో ఒకటి ఒప్పుకోవడం లేదు. ఎందుకంటే ఆట నాకు కారణం ఎప్పుడూ చూపించదు. ఎర్ర ఉత్తరం వస్తుంది, ఇంతమంది వస్తున్నారంటుంది, అంతే. ఇంతమంది ఎందుకొచ్చారు? శిల్పం వల్లా, తుపాకుల వల్లా, కొత్తగా చేర్చుకున్న ఇద్దరి వల్లా? కారణం కనబడని చోట మనిషి ఏం చేస్తాడు? చివరగా చేసిన పనిని అనుమానిస్తాడు. కొత్త చొక్కా వేసుకున్న రోజు కాలు బెణికితే చొక్కా మంచిది కాదంటాడు. దిష్టి పుట్టేదే అలాగ. నియమం చిన్నదే, దాని నీడ మాత్రం చాలా పొడుగు.

ఆక్సిజన్ నాట్ ఇన్‌క్లూడెడ్ ఆడినవాళ్లకి ఈ తేడా వెంటనే అర్థమవుతుంది. క్లెయ్ అనే కంపెనీ చేసిన కాలనీ ఆట, 2019లో పూర్తిగా విడుదలైంది. చంపడంలో అది దీనికి తీసిపోదు. నీటి నుంచి ఆక్సిజన్ తీసే యంత్రం 70 డిగ్రీల వేడిగాలి వదులుతుంది, అది మెల్లగా పాకుతూ ఎన్నో రోజుల తర్వాత పంటకి తగులుతుంది, 30 డిగ్రీలు దాటాక మీల్‌వుడ్ అనే తిండి మొక్క పెరగడం ఆగిపోతుంది, జనం పస్తులు. ఎన్నిసార్లు జుట్టు పీక్కున్నానో. కానీ ఎఫ్3 నొక్కితే వేడి ఎక్కడ పుట్టి ఎటు నడిచిందో ఎర్రగా కనిపిస్తుంది. నా తప్పు నా కళ్ల ముందే ఉంటుంది. తిట్టుకుంటూ మళ్లీ మొదలుపెడతాను, ఈసారి యంత్రాన్ని దూరంగా పెడతాను. ఎక్కడా దిష్టి తీయాల్సిన పని పడలేదు.

ఆస్తి లెక్క లేకపోతే

రెండో వైపు వాదన గట్టిదే. సంపాదన పెరిగేకొద్దీ ప్రమాదం పెరగకపోతే ఇలాంటి ఆటలు నడిమధ్యలో చచ్చిపోతాయి. 2014లో వచ్చిన బ్యానిష్డ్ అంటే నాకు చాలా ఇష్టం, ఒక్క మనిషి కూర్చుని చేసిన ఆట. అందులో శత్రువులు లేరు. మొదటి రెండు చలికాలాలు గట్టెక్కేదాకా ప్రాణం గుప్పిట్లో ఉంటుంది. ఊరు నిలదొక్కుకున్నాక మాత్రం నాకు ఆవలింతలొస్తాయి. ఈ జాతి ఆటలకి తాత అనదగ్గ డ్వార్ఫ్ ఫోర్ట్రెస్‌లో కూడా గోబ్లిన్ల దండు రావడానికి జనాభా, పోగుచేసిన సంపద చూస్తారు. అంటే ఇది సిల్వెస్టర్ సొంత పైత్యం కాదు, వంశంలోనే ఉంది.

పైగా రిమ్‌వరల్డ్‌లో దయ కూడా ఉంది. మనవాళ్లు పోతే కొంతకాలం రెయిడ్లు తగ్గిస్తుంది, మళ్లీ కాస్త కోలుకోనిస్తుంది. ఇల్లు దోచిన దొంగ బియ్యం మాత్రం వదిలి వెళ్లినట్టు. ఇవన్నీ ఆలోచిస్తే, ఆటని తిట్టడానికి నాకు నోరు సగమే లేస్తుంది.

ఇంకో దారి కూడా ఆటలోనే ఉంది. కష్టం స్థాయిని సొంతంగా మార్చుకునే చోట, ఆస్తితో సంబంధం లేకుండా కాలాన్ని బట్టి ప్రమాదం పెరిగే పద్ధతి ఎంచుకోవచ్చు. ఎప్పట్నుంచో చూస్తున్నాను, ఎప్పుడూ నొక్కలేదు. అది నొక్కడం ఓడిపోయినట్టని ఒక పిచ్చి పట్టుదల. కాపీ కొట్టినట్టని కూడా. బావమరిది వెళ్లిన వారానికి నొక్కాను.

మొదటి ఏడాది చేతులు తిన్నగా లేవు. చచ్చిన దొంగల బట్టలు కనబడగానే కాల్చేయమని అలవాటుగా చెప్పేసి, మళ్లీ రద్దు చేసుకున్నాను. రెండో ఏడాది పాలరాయి కోయించాను. గది పాతదానికంటే పెద్దదే వచ్చింది. ఈసారి రెయిడ్ వచ్చినప్పుడు గోడల వంక చూడలేదు, తలుపుల వంక చూశాను. తలుపు దగ్గర మనుషులు తక్కువున్నారు, అది నా తప్పు. బతికి బయటపడ్డాం.

ఇందులోనూ బాధ లేకపోలేదు. గడియారానికి కనికరం ఉండదు. మూడో ఏడాది శీతాకాలంలో నలుగురికి ప్లేగు తగిలింది, మందులు అయిపోయాయి, మంచాన పడ్డవాళ్లు పడగా వచ్చే రెయిడ్ మాత్రం దాని వేళకి, దాని సైజులో వచ్చింది. పాత పద్ధతిలో అయితే పేదరికం చూసి కొంచెం జాలిపడేది. ఇది పడదు. కాలనీ పోయింది. కుర్చీలోంచి లేచి నీళ్లు తాగి వచ్చి, కూలిపోయిన ఆ భోజనశాలని కాసేపు చూశాను. కోపం రాలేదు. మందు మొక్కలు ఇంకో మడి వేసుండాల్సింది అనుకున్నాను.

సిల్వెస్టర్ నన్నడిగితే, అడగడు గానీ, ఆస్తి లెక్క తీసేయమనను. రెయిడ్ వెళ్లిపోయాక, శవాలు ఎత్తాక, ఒక చిన్న చీటీ ఇవ్వమంటాను. ఇంతమంది వచ్చారు, ఇందులో మీ జనాభా వల్ల ఇంత, కొట్టులో సరుకు వల్ల ఇంత, కట్టడాల వల్ల ఇంత అని. కథ చెడిపోతుందనేవాళ్లుంటారు. చెడిపోవచ్చు కూడా. అక్కడ నాకింకా తేలలేదు. కానీ ఆ చీటీ ఉండుంటే శిల్పం పక్కన ఏ అంకె ఉండేదో నేను మొదటి రోజే చూసేవాణ్ణి, రంగడికి కాలు వచ్చేది.

కూలిన కాలనీ ఫొటో తీసి బావమరిదికి పంపాను. కొండ పక్కన ఈసారి కూడా ఒక ఉల్క పడింది, పచ్చరాయి. దాన్ని పూర్తిగా తవ్వించాను, ఆ గుంట ఫొటోలో కనిపిస్తోంది.

"ఇది తవ్వినందుకే చచ్చారా బావా?" అని మెసేజ్.

"కాదు. మందుల్లేక."

రెండు నిమిషాల తర్వాత: "మన ఇంట్లో ఆ పాత ల్యాప్‌టాప్ ఉందిగా, అందులో ఇది ఎక్కుతుందా?"